నిండుకుండ

తెలుగువారి ఇళ్ళలో బియ్యం అయిపోవడం అన్నది ఏనాడూ లేదు. బియ్యం ఎప్పుడూ "నిండుకుంటాయి". డబ్బా అడుగున సోల గీరుకుంటున్న చప్పుడు వీధి వాకిలిదాకా వినపడుతున్నా సరే, ఇల్లాలు "బియ్యం నిండుకున్నాయండీ" అంటుందే గాని, అయిపోయాయని నోరు జారదు. పసుపైనా అంతే, కుంకుమైనా అంతే, ఉప్పైనా అంతే. మన భాష సరిగా రానివాడెవడైనా నిఘంటువు చేతబట్టుకొని మన వంటింటి గుమ్మంలో నిలబడితే, పాపం, వాడి అవస్థ చూడాలి! "ఆవిడ అన్నీ నిండాయంటున్నది, మరి ఆయన సంచీ పట్టుకొని కొట్టుకు బయలుదేరాడెందుకు?" అని తల గోక్కోవలసిందే.

ఇటువంటి మాటలు మనకు ఇంకా ఉన్నాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. తాళి తెగదు, పెరుగుతుంది. గడప దాటేవారు "పోతున్నాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఖాళీ అన్నా, లేదన్నా, పోయిందన్నా మన పెద్దలకు గిట్టదు. మేలు కోరేటప్పుడు మాత్రం "నిండు" అన్న మాట వారి నాలుక మీద ఆడుతూనే ఉంటుంది. నిండు నూరేళ్ళు, నిండు మనసు, నిండు పున్నమి, నిండు చూలాలు. వీటిలో ఒక్కటీ డబ్బును గురించిన మాట కాదు చూడండి. కూడబెట్టినదాన్ని మనం "నిండు" అనము. రాశి అంటాము, మూట అంటాము. నిండు అనగానే మన కంటికి కట్టేది ఒకే ఒక వస్తువు. కుండ.

ఈ కుండే మన సమృద్ధికి గుర్తు. కలశమనండి, పూర్ణకుంభమనండి, పూర్ణఘటమనండి, అన్నీ ఒకటే. వరలక్ష్మీవ్రతం నాడు బియ్యం మీద నిలిపి, మామిడాకులు పెట్టి, కొబ్బరికాయ మీద రవికెలగుడ్డ చుట్టే చెంబు అదే. గృహప్రవేశంలో ముందు లోపలికి వచ్చేది అదే. పెళ్ళిలో కుమ్మరి ఇంటినుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండలూ దాని చుట్టాలే. గుడికి పెద్దవారు వస్తే అర్చకులు ఎదురు తెచ్చేదీ అదే. ఆఖరికి మనిషి వెళ్ళిపోయిననాడు కొడుకు భుజాన నీళ్ళ కుండ పెట్టి, దానికి చిల్లులు పొడిచి, చివరకు నేలకేసి పగలగొట్టిస్తారు. నిండినది కారిపోయిందని చెప్పడానికి ఇంతకు మించిన భాష మరొకటి లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం నడుమ ఉన్నదీ ఈ పూర్ణఘటమే. రాష్ట్రం విడిపోయిన తరువాత 2018లో ఆ చిహ్నాన్ని తిరిగి దిద్దినప్పుడు అమరావతి శిల్పంలోని ఘటం పోలికనే తీసుకొన్నారు. మా తరగతిలో ఒక కుర్రవాడు ఈ బొమ్మను చూపించి, "మాస్టారూ, ఐశ్వర్యానికి గుర్తంటే బంగారు కాసుల రాశి వేయాలి గాని, మట్టికుండ ఏమిటండీ?" అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు గాని, ప్రశ్న నవ్వవలసినది కాదు. నిజమే, కుండ ఏమిటి?

సమృద్ధికి ప్రతి జాతీ ఏదో ఒక గుర్తు పెట్టుకొన్నది. గ్రీకులకు అది మేకకొమ్ము. వారి దేవరాజు జ్యూస్ పసివాడుగా ఉన్నప్పుడు అమాల్తియా అనే మేక పాలిచ్చి పెంచిందనీ, దాని కొమ్ము విరిగితే, కోరినవన్నీ అందులోనుంచి పుట్టుకు వచ్చే వరం దానికి కలిగిందనీ ఒక కథ. పండ్లూ, కంకులూ పొర్లిపోతున్న ఆ కొమ్ము గ్రీకు, రోమను శిల్పాల్లో ఎక్కడబడితే అక్కడ కనుపిస్తుంది. ఆ కొమ్ము మన దేశానికి రాకపోలేదు. కుషానుల నాణేల మీద అర్దోక్షో అనే దేవత దాన్ని చేతబట్టుకొని ఉంటుంది. ఆ వరవడిలోనే గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణేల మీద దేవతకూ కొమ్మే ఉన్నది. తరువాత తరువాత ఆ దేవత చేతిలో కొమ్ము పోయి తామరపూవు వచ్చింది. వచ్చిన చుట్టాన్ని నాలుగు రోజులు గౌరవించి సాగనంపినట్లు, మనవారు కొమ్మును సాగనంపారు. ఎందుకంటే వారి ఇంట్లో అప్పటికే నీళ్ళూ, తామరపూలూ ఉన్న కుండ ఉన్నది.

ఆ కుండ ఎంత పాతదంటారా? ఋగ్వేదంలో ఇంద్రునికోసం నింపిన సోమకలశం ప్రస్తావన ఉన్నది. అంతకన్న మనకు దగ్గరైనది అథర్వవేదంలో ఉన్నది. మూడో కాండంలో ఇల్లు కట్టుకొనేటప్పుడు చెప్పే సూక్తం ఒకటి కలదు. ఇల్లు గట్టిగా నిలవాలనీ, దూడలూ పిల్లలూ అందులో తిరగాలనీ కోరుతూ, చివరకు ఇల్లాలిని పిలిచి, నిండుకుండ పట్టుకొని రమ్మంటాడు ఆ ఋషి. ఇల్లు నిలబెట్టేది దూలాలైతే, దాన్ని సంసారం చేసేది ఆమె తెచ్చే కుండ అన్నమాట. మన గృహప్రవేశాల్లో ఈనాటికీ ఆడపడుచు కలశంతో ముందు నడవడం చూసినప్పుడల్లా నాకు ఆ సూక్తమే జ్ఞాపకం వస్తుంది.

ఈ విషయాన్ని లోతుగా తరచినవారిలో ఆనంద కుమారస్వామి ఒకరు. యక్షులను గురించి ఆయన రాసిన గ్రంథం రెండో భాగం 1931లో వెలువడింది. మన ప్రాచీనులు సృష్టి అంతా నీటిలోనుంచి పుట్టిందనుకొన్నారనీ, తామర, యక్షుడు, మకరం, పూర్ణఘటం అన్నీ ఆ నీటి తాలూకు గుర్తులేననీ అందులో ఆయన విపులంగా చూపారు. కుండలో నీళ్ళు, నీళ్ళలోనుంచి మొక్క, మొక్క నుంచి ప్రాణం. సంపద అనేది ఎక్కడినుంచో తెచ్చి పోసేది కాదు, లోపలినుంచి మొలిచేది అన్న భావం అందులో ఉన్నది. కాసుల రాశిలోనుంచి ఏమీ మొలవదు గదా!

ఇక ఆ కుండను రాతిలో చూడవలసిన చోటు మా పల్నాడే. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు, అమరావతి మహాస్తూపం ఉన్న మండలం కూడా అందులో చేరింది. జిల్లాల హద్దులు నిన్న మొన్నటివి. రాతి చుట్టరికం మాత్రం పాతది. అమరావతి శిల్పాలు చెక్కిన తెల్లని సున్నపురాయిని పురాతత్వవేత్తలు "పల్నాటి రాయి" అనే పిలుస్తారు.

ఆ పలకల మీది పూర్ణఘటాన్ని ఒక్కసారి తీరికగా చూడండి. గుండ్రని బొజ్జ, సన్నని మెడ, మెడకింద కట్టిన పట్టీ, విచ్చుకొన్న అంచు. ఆ అంచు మీదుగా తామరలు బయటికి ఉబికి వస్తుంటాయి. నిటారుగా నిలిచిన మొగ్గ ఒకటి, సగం విచ్చినది ఒకటి, పూర్తిగా విరిసినది ఒకటి, బరువుకు తల వాల్చి అంచు దాటి కిందికి వేలాడేది ఒకటి. నేను చూసిన వాటిలో ఒక్కదానికీ మూత లేదు. దాచుకొనే పాత్రకు మూత ఉంటుంది. ఇది దాచుకొనే పాత్ర కాదు, పొంగేది. అమరావతి పలకల మీద చెక్కిన స్తూపాల బొమ్మల్లో కూడా ద్వారాల దగ్గర ఇటువంటి ఘటాలు కనుపిస్తాయి. ఇదే ఆచారం సింహళంలోనూ ఉన్నది. అనూరాధపురంలో మెట్లకు ఇరుపక్కలా నిలిపిన కావలిరాళ్ళ మీద పూలు నిండిన కుండను చెక్కారు. దాన్ని వారు "పున్‌కలస" అంటారు. మన పూర్ణకలశం నోరు తిరగడంలో కొంచెం మారింది, అంతే.

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతిలో శిల్పి నీళ్ళ కుండ చెక్కాడంటే ఆశ్చర్యం లేదు. కాని ఆ ఒడ్డు దిగి లోపలికి రండి. గురజాల, మాచర్ల, కారంపూడి, వెల్దుర్తి. నాపరాతి పొరలు, వాటి మీద పలుచని మట్టి, వానను నమ్ముకొన్న జొన్నచేలు. కాలువలు రాకముందు పల్నాడంటే ఇదే. శ్రీనాథుడివని చెప్పుకొనే చాటుపద్యాల్లో ఈ సీమను గురించి ఎన్ని ఎత్తిపొడుపులున్నాయో మీకు తెలుసు. రాళ్ళూ తేళ్ళూ జొన్నకూడూ చాలక, దాహానికి నాలుక పిడచగట్టుకుపోతే, తలమీద గంగను పెట్టుకొని కూర్చున్న శివుణ్ణే ఆయన నిలదీశాడు. బిచ్చమెత్తేవాడికి ఇద్దరు భార్యలెందుకు, గంగను మాకు వదిలిపెట్టరాదా అని ఆ పద్యం సారాంశం. రాజుల చేత సన్మానాలు పొందినవాడు కూడా పల్నాటికి వచ్చి అడిగింది బంగారం కాదు, గుక్కెడు నీళ్ళు!

శకునాల సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. ప్రయాణమై వెళుతుంటే నిండుబిందె ఎదురొస్తే శుభమనీ, ఖాళీబిందె ఎదురొస్తే ఆగిపొమ్మనీ మన పెద్దలు చెప్పారు. ఇందులో మంత్రమేమీ లేదు. నిండుబిందె వచ్చిందంటే ఆ వైపు బావిలో నీళ్ళున్నాయని అర్థం; ప్రయాణానికి ఢోకా లేదు. ఖాళీబిందెతో తిరిగివస్తున్నదంటే పాపం ఆ తల్లి ఎంత దూరం పోయి వచ్చిందో! మెట్టసీమలో సంపద అనేది ఆడవాళ్ళ నడుముల మీద, తలల మీద, మైళ్ళకొద్దీ నడిచి ఇల్లు చేరేది. పూర్ణఘటం బొమ్మలో మోసేవారు కనుపించరు. అథర్వవేదంలోని ఆ ఇల్లాలు మాత్రం ఆ పని నుంచి ఈనాటికీ సెలవు పొందలేదు.

ఐతే ఈ కుండకు సంబంధించి నన్ను అన్నిటికన్న ఎక్కువగా కదిలించేది మరొక సంగతి. అమరావతి స్తూపం ఒక రాజు ఒక్కడే కట్టించినది కాదు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు తలా ఒక పలక, తలా ఒక స్తంభం చేయించి ఇచ్చారు. ఇచ్చినవారి పేర్లు ప్రాకృతంలో ఆ రాళ్ళ మీదనే చెక్కారు. వాటిలో ఒక శాసనం, పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసినవాని పేరు చెబుతున్నది. ఆయన పేరు విధికుడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడనే కుమారునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో కలిసి ఈ దానం చేశాడట. విధికుని వృత్తి ఏమిటనుకొన్నారు? చర్మకారుడు.

తోలు పని చేసేవాడు! తండ్రి పాఠాలు చెప్పినవాడు, కొడుకు చెప్పులు కుట్టినవాడు. తన కొడుక్కు తాత పేరు పెట్టుకొని, ఇంటిల్లిపాది పేరూ కలిపి, మహాస్తూపానికి నిండుకుండను కానుకగా ఇచ్చాడు. తన వృత్తి ఏమిటో దాచుకోలేదు. ఎవరూ దాచమన్నట్టూ లేదు. శాతవాహనుల నాటి ఆ రాతి మీద "పుణఘటక" అన్న మాటా, "చర్మకారుడు" అన్న మాటా ఒకే వాక్యంలో ఉన్నాయి.

తరువాత ఏమైంది? ఆ రెండు మాటలను మనం విడదీశాము. ఊరి బావికి ఏతం ఉండేది, గిలక ఉండేది. విధికుని వృత్తి చేసేవానికి మాత్రం చేద వేసే హక్కు ఉండేది కాదు. కుండ నేలమీద పెట్టి దూరంగా నిలబడితే, దయగలవారెవరైనా పైనుంచి వంచి పోయాలి. నిండుకుండను దానమిచ్చినవాని వృత్తివారు, ఒక కుండ నీళ్ళకోసం తరతరాలు ఎదురుచూశారు. ఆ వేదన పద్యమై పలికింది కూడా పల్నాటిలోనే. గుఱ్ఱం జాషువ 1895లో వినుకొండలో పుట్టారు. ఆయన "గబ్బిలం" 1941లో వెలువడింది. అందులో మనిషి ఎవరూ తన మొర వినరని, ఒక అరుంధతీసుతుడు కాశీలోని విశ్వేశ్వరునికి గబ్బిలం చేత కబురు పంపుకొంటాడు. మహారాష్ట్రలో మహాద్ అనే ఊళ్ళో 1927 మార్చి 20వ తేదీన అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీరు దోసిట పట్టి తాగిన సంగతి లోకమెరిగినదే. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా రాసి, వాటి దగ్గర ఎవరినీ అడ్డగించరాదన్నది. ఒక దేశపు మూలశాసనంలో బావి మాట రాయవలసి వచ్చిందంటే, కుండ మన బతుకుల్లో ఎంత పెద్దదో తెలుస్తున్నది.

విభజన ఒక్కటే పల్నాటి చరిత్ర అనుకోరాదు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనలు అప్పగించాడనీ, అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడనీ పల్నాటి వీరగాథ చెబుతుంది. కార్తీకమాసం చివర కారంపూడిలో వీరుల ఉత్సవం జరిగినప్పుడు, మందపోరు నాడు ఆ చాపకూడును ఇప్పటికీ జరుపుతారు. నిండుకుండకు అర్థం చెప్పమంటే నేను ఆ చాపను చూపిస్తాను. పొంగినది అంచు దాటాలి, దాటినది అందరికీ అందాలి. తామర అంచు మీదుగా తల వాల్చింది అందుకే.

ఆ విధికుని వంటివారు ఇచ్చిన పలకలను మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. ఊళ్ళోవాళ్ళు దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపపు దిబ్బను 18వ శతాబ్దం చివర, కొత్త పట్నం కట్టడానికి రాయి కోసమని తవ్వారు. కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. కొన్ని పలకలు శివగంగ చెరువు మెట్లయ్యాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవాటిలో చాలాభాగం 1859లో ఓడ ఎక్కి లండను చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. సున్నపు బట్టీలో ఎన్ని నిండుకుండలు కాలిపోయాయో లెక్క చెప్పేవారు లేరు.

ఇక రెండో కథ నీళ్ళ కథ. మాచర్ల దగ్గర కృష్ణలోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అదే నాగార్జునకొండ. అక్కడి శిల్పాల్లోనూ పూర్ణఘటాలున్నాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోయే లోపల, 1954 నుంచి ఆరేళ్ళపాటు, పురాతత్వశాఖవారు దాన్ని గాలించి, దొరికినవాటిని కొండమీదికీ, గట్టుమీద అనుపుకూ తరలించారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పల్నాటి గుండా పారింది. జొన్నచేలలో వరి పండింది, మిరప పండింది. శ్రీనాథుడు అడిగిన గంగ దిగివచ్చింది. ఎంత విచిత్రమో చూడండి: పల్నాటి కుండ నిండడానికి, కుండలు చెక్కిన పట్నమే నీట మునిగింది. లోయలో ఇళ్ళూ పొలాలూ విడిచి లేచిపోయిన కుటుంబాలూ ఆ నీటి ధరలో భాగమే. ఆ గంగ దాహం తీర్చింది గనుక నేను దాన్ని నిందించను. దాని ఖరీదు మరచిపోవడం మాత్రం మర్యాద కాదు.

కాలువ మట్టానికి పైనున్న మెట్టఊళ్ళకు ఆ గంగ ఎక్కలేదు. వేసవి వచ్చిందంటే అక్కడి వీధుల్లో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు ట్యాంకరు కోసం వరుస కడతాయి. ఆ బిందెల వెనుక నిలబడేది ఎక్కువగా ఆడవాళ్ళే.

మా తరగతిలో కుర్రవాని ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది. కాసుల రాశి ఒకసారి పోస్తే అక్కడే ఉంటుంది, నాయనా. దాన్ని కాపలా కాయడం తప్ప వేరే పని లేదు. కుండ అలా కాదు. తాగితే తగ్గుతుంది, పంచితే తగ్గుతుంది, ఊరకే ఉంచినా ఇగిరిపోతుంది. దాన్ని ప్రతి ఉదయం ఎవరో ఒకరు నింపాలి. మన పెద్దలు ఐశ్వర్యానికి గుర్తుగా రోజూ నింపుకోవలసిన దాన్నే ఏరుకొన్నారు.

అందుకే ఇల్లాలు "నిండుకున్నాయి" అన్నప్పుడు ఆ మాట లేమిని దాచే మాట మాత్రమే కాదు. అది విన్నవాడు సంచీ తీసుకొని లేవాలి. ప్రభుత్వ కాగితాల నెత్తిన ఉన్న పూర్ణఘటాన్ని కూడా మనం ఆ ఇల్లాలి గొంతుతోనే చదువుకోవాలి. ఏ మెట్టఊళ్ళో ట్యాంకరు కోసం బిందెల వరుస ఉన్నా, విధికుని వృత్తివారి వీధికి నీళ్ళగొట్టం ఆఖరున చేరినా, ఆ చిహ్నం మనతో "నిండుకున్నాయండీ" అంటున్నట్లే.